పాత ఆక్టావియా కాంబి కొన్నాక మొదట ఏం చేయించాలి: కర్నూలు నుంచి తొమ్మిదేళ్ల అనుభవం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉండేది ప్రొద్దుటూరు, రోజూ కడపకు పోయిరావాలి. బెంగళూరులో 2007 మోడల్ స్కోడా ఆక్టావియా కాంబి (వెనక సామాను చోటు ఎక్కువున్న రకం), 1.9 టీడీఐ డీజిల్, లక్షా అరవై వేల కి.మీ. తిరిగింది కొన్నావు. చేతిలో 60 వేలున్నాయి, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం), కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా బానెట్ కింద బయటికే ఉండే గాలి ఫిల్టర్), పెద్ద సైలెన్సర్, వీటిలో ముందు ఏది అని అడిగావు. అదే బండి, 2006ది, కర్నూలులో నా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉంది.

ఆ మూడూ ఇప్పుడు వద్దు. కంపెనీ ఆ ఇంజనుకు ఇచ్చింది 90 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్. ఇన్నేళ్లు తిరిగిన బండిలో అంతా మిగిలి ఉండదు. ముందు పోయినదాన్ని వెనక్కి తెచ్చుకో. దానికయ్యే ఖర్చు తక్కువ, తేడా మాత్రం రీమ్యాప్ కంటే ఎక్కువ కనిపిస్తుంది.

నేను దీన్ని తలకిందులుగా చేశాను. 2016లో బండి కొన్న మూడో నెలలోనే రీమ్యాప్ చేయించాను. ఇంటికి వస్తుంటే హైవే మీద బండి ఎగిరిపోయింది, ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మరుసటి ఏడు మే నెలలో ఇంటిల్లిపాదీ ఎక్కి, వెనక నిండా సామాను వేసుకుని, ఏసీ పెట్టుకుని కడప నుంచి రాయచోటికి బయల్దేరాం. గువ్వలచెరువు ఘాటు సగం ఎక్కాం. మూడో గేరులో కాలు గట్టిగా తొక్కేసరికి బానెట్ కింద ఠప్పుమంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఈల ఆగిపోయింది. అద్దంలో చూస్తే వెనకంతా నల్లపొగ. బండికి మంటలంటుకున్నాయని మా అమ్మ దేవుళ్లందరినీ పిలవడం మొదలుపెట్టింది. రెండో గేరులో ఈడ్చుకుంటూ పాలకోవా అంగళ్ల దాకా తెచ్చి ఆపాను.

వంగి చూస్తే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం ఊడి వేలాడుతోంది. మూతి దగ్గర రబ్బరు నూనె తాగి ఉబ్బింది, చూపుడువేలితో నొక్కితే గుంట పడుతోంది. క్లిప్పు తుప్పుపట్టి పట్టు వదిలేసింది. పక్కన ఆగి ఉన్న లారీ క్లీనర్ తన పెట్టెలోంచి ఒక స్క్రూ క్లాంపు తీసిచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ క్లాంపుతోనే రాయచోటి చేరాం. రీమ్యాప్ చేసినతను గొట్టాలు చూడలేదు, చూడమని నేనూ అడగలేదు. పదేళ్లనాటి రబ్బరు మీద కొత్త ఒత్తిడి పెట్టాం, అది పట్టు వదిలింది.

అందుకని వరసగా చెప్తాను. అన్నిటికంటే ముందు టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లూ వాల్వులూ ఒక లయలో కదిలేలా ఇంజన్ను కలిపి తిప్పేది. ఎప్పుడు మార్చారో బిల్లు చేతిలో లేకపోతే మార్చలేదనే లెక్క. అమ్మినాయన నోటిమాట నమ్మొద్దు. ఈ ఇంజన్లో బెల్టు తెగితే పిస్టన్లు పోయి వాల్వులకు కొట్టుకుంటాయి, ఆ రిపేరు బిల్లు నువ్వు బండికి పెట్టిన ధరకు దగ్గర్లో ఉంటుంది. బెల్టుతో పాటు టెన్షనర్, రోలర్లు, వాటర్ పంపు కూడా మార్పించు. వాటర్ పంపు ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి పంపు పట్టేస్తే కొత్త బెల్టు కూడా పోతుంది. మెకానిక్‌ను ఒక్క మాట అడుగు: క్యామ్ షాఫ్ట్ కదలకుండా పట్టే పలక, డీజిల్ పంపుకు పెట్టే పిన్ను ఉన్నాయా అని. వైట్‌నర్‌తో గుర్తులు పెట్టుకుని మార్చేస్తానంటే ఇంకో షెడ్డు చూసుకో. బెల్టు వేశాక డీజిల్ పంపు టైమింగ్ ల్యాప్‌టాప్‌లో సరిచూడాలి. నాకు పోయినసారి అంతా కలిపి 28 వేలయింది. 80 వేల కి.మీ. దాటనివ్వను, దాటకపోయినా అయిదేళ్లకోసారి మార్చేస్తాను.

తర్వాత, ఒక కేబులూ వీసీడీఎస్ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్ల కంప్యూటర్‌ను చదివే) సాఫ్ట్‌వేరూ ఉన్న మనిషిని పట్టుకో, లేదంటే నువ్వే కొనుక్కో. మామూలు స్కానర్ ఎర్రర్ కోడ్ చెప్పి ఊరుకుంటుంది, ఇందులో బండి నడుస్తుండగా ఇంజన్ ఎంత గాలి అడుగుతోంది, ఎంత వస్తోంది అనేది కనిపిస్తుంది. అందులో అంకెలు గ్రూపులుగా ఉంటాయి: మూడో గ్రూపులో గాలి, పదకొండో గ్రూపులో టర్బో ఒత్తిడి. బండి నువ్వు తోలు, అంకెలు పక్కసీట్లో వాళ్లు చూడాలి. అడిగినదానికీ వచ్చినదానికీ మధ్య తేడా ఎక్కువుంటే, నీ 90 హార్స్‌పవర్‌లో కొంత అక్కడే పోతోందని అర్థం. నా బండిలో లోపలికెళ్లే గాలిని కొలిచే ఎయిర్ మాస్ సెన్సర్ చచ్చిపోయి ఉంది. దానికి ఎర్రర్ కోడ్ కూడా రాలేదు, మెల్లగా చాలా నెలల్లో నీరసపడింది కాబట్టి నాకూ తెలియలేదు. మార్చిన రోజు ఓర్వకల్లు ఎత్తు నాలుగో గేరులోనే ఎక్కింది.

అదే ఓర్వకల్లు దగ్గర అంతకుముందు ఒకసారి లారీని దాటుతుండగా పెడల్‌లో ప్రాణం పోయింది. పక్కకు ఆపి, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడిచింది. లోపల 17965 అనే కోడ్ ఉంది. అంటే టర్బో అడిగినదానికంటే ఎక్కువ ఒత్తిడి ఇస్తోంది, కంప్యూటర్ భయపడి ఆపేసింది. ఈ టర్బోలో పొగ వచ్చే వైపు చిన్నచిన్న రెక్కలుంటాయి. అవి మూసుకుంటూ తెరుచుకుంటూ ఒత్తిడిని అదుపు చేస్తాయి. మసి పట్టి బిగుసుకుంటే ఈ గొడవే. దాని జోలికి పోకముందు, ఆ రెక్కలను కదిపే సన్నటి వ్యాక్యూమ్ గొట్టాలన్నీ మార్చేయ్. రబ్బరు పెళుసుబారి ఎక్కడో ఒకచోట పగిలే ఉంటుంది, కొన్ని వందల రూపాయల పని. తర్వాత ఒకరిని స్టార్ట్ చేయమని, నువ్వు టార్చ్ వేసి టర్బో పక్కనున్న రాడ్డును చూడు. స్టార్ట్ కాగానే తడబడకుండా లోపలికి లాగాలి, ఆపగానే సాఫీగా వెనక్కి రావాలి. మధ్యలో ఆగి ఆగి కదిలితే టర్బో దించి మసి కడగాల్సిందే. నాది గొట్టాలు మార్చాక నెలరోజులు బాగుండి మళ్లీ మొరాయించింది, అప్పుడు దించి కడిగించాను.

అది దించినప్పుడే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల దిమ్మ) కూడా విప్పించు. బళ్లారి చౌరస్తా దగ్గర మా మెకానిక్ భాయ్ విప్పి చూపించినప్పుడు నాకు నోట మాట రాలేదు. రెండు వేళ్లు పట్టాల్సిన రంధ్రంలో ఒకటి కూడా సరిగా దూరలేదు. పొగలోని మసి, నూనె ఆవిరి కలిసి తారులా పేరుకుపోయాయి. ఒక పూటంతా గీకి, డీజిల్‌లో నానబెట్టి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాం. ఇప్పుడు వారానికొకసారైనా ఇంజన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు చూసుకుని, మూడో గేరులో 3,500 ఆర్‌పీఎమ్ దాకా గట్టిగా తొక్కుతాను. ఎప్పుడూ మెల్లగా తోలితే బండి బాగుంటుందని పెద్దవాళ్లంటారు కానీ, ఈ టర్బోకు మాత్రం ఆ సలహా చేటు. మైదుకూరు మీదుగా వెళ్లే రోజుల్లో నీకు ఆ అవకాశం దొరుకుతుంది.

పొద్దున స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తోందా? డీజిల్ పంపుకు వెళ్లే పారదర్శకమైన పైపు చూడు. అందులో గాలిబుడగలు వరసగా పోతుంటే పంపు పైమూత సీలు గాలి పీలుస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి మనకు వచ్చే బీఎస్6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎమ్ మాత్రమే, అంతకుముందు 50 ఉండేది. సల్ఫర్ తగ్గిన డీజిల్‌తో ఈ రకం పంపుల్లో పాత సీళ్లు కుంచించుకుపోవడం తెలిసిన విషయమే. సీలు మారిస్తే సరిపోతుంది, కొత్త పంపు కొనమని చెప్తే తొందరపడొద్దు.

కోన్ ఫిల్టర్ గురించి గట్టిగానే చెప్తాను. వేడిగాలి పలచగా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గరి గాలితో పోలిస్తే మన 43 డిగ్రీల గాలి దాదాపు ఆరు శాతం పలచన. కోన్ ఫిల్టర్ ఆ బయటి గాలిని కూడా వదిలేసి బానెట్ కింద ఇంజన్ వేడిని పీలుస్తుంది. ఒరిజినల్ డబ్బా బయటినుంచి చల్లటి గాలి తెచ్చుకునేలా చేసిందే. పైగా నీ దారిలో ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము, జమ్మలమడుగు వైపు పోతే నాపరాళ్ల దుమ్ము. నిమిషానికి లక్ష పైచిలుకు సార్లు తిరిగే టర్బో రెక్కల మీద ఆ ఇసుక పడితే అంచులు అరిగిపోతాయి. మంచి పేపర్ ఫిల్టర్ వేసి పదివేల కి.మీ.కి ముందే మార్చు, డబ్బా మూత క్లిప్పులన్నీ బిగుసుకున్నాయో లేదో చూడు. ముందు బంపర్ మూలన, చక్రానికి ముందు ఉండే చిన్న ఇంటర్‌కూలర్‌ను కూడా బయటినుంచి నీళ్లతో మెల్లగా కడిగించు. నాదాంట్లో రెక్కల మధ్య నల్లరేగడి మట్టి గడ్డకట్టి ఉంది.

ఆయిల్ 5డబ్ల్యూ-40, ఫోక్స్‌వ్యాగన్ 505.00 అని డబ్బా మీద ఉండాలి. 505.01 పంప్ డ్యూజ్ (పంపూ ఇంజెక్టరూ ఒకటిగా ఉండే) ఇంజన్లకు తప్పనిసరి, నీకు కాదు. నేను 7,500 కి.మీ.కి మారుస్తాను. ఘాటు ఎక్కి ఆపిన వెంటనే ఇంజన్ కట్టేయకుండా ఒక నిమిషం వదిలేయ్, లేకపోతే టర్బో లోపలి నూనె కాలి బొగ్గవుతుంది. కూలెంట్‌లో బోరు నీళ్లు పోయనివ్వొద్దు. మన నీళ్లతో బిందెలకు పట్టే తెల్ల పొరే రేడియేటర్ లోపలా పడుతుంది. డిస్టిల్డ్ వాటర్, గులాబీ రంగు జీ12 కూలెంట్, అంతే. ఏసీ వేసి బానెట్ ఎత్తు, రెండు ఫ్యాన్లూ తిరగాలి.

మిగిలిన డబ్బులు టైర్లకూ బ్రేకులకూ పెట్టు. టైరు పక్కన నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పాతబండ్లలో బటన్ (టైరు మీది గాళ్లు) బాగుండి రబ్బరు రాయిలా మారిన టైర్లు ఎక్కువ. 195/65 ఆర్15 కంపెనీ సైజే ఉంచు. బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 4 తప్పకుండా మార్పించు, అది గాలిలోని తేమ పీలుస్తుంది. గువ్వలచెరువు నుంచి కడప వైపు దిగేటప్పుడు తేమ మరిగి పెడల్ మెత్తబడితే ఎంత హార్స్‌పవర్ ఉన్నా ఏం లాభం? సీట్లు మడిస్తే 1,512 లీటర్ల చోటున్న బండి, బస్తాలు వేయకుండా ఎవరూ ఉండలేరు. వెనక షాకబ్జార్బర్లు కారుతున్నాయేమో అప్పుడే చూడు.

ఇదంతా అయ్యాక రీమ్యాప్ సంగతి. ఈ ఇంజన్‌కు మామూలు మ్యాపుతో 110 దాకా వస్తుంది, అది అబద్ధం కాదు. కానీ పాత క్లచ్ నాలుగు, అయిదు గేర్లలో జారడం మొదలుపెట్టొచ్చు, నల్లపొగ ఎక్కువైతే పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతావు. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు) మూసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. నేను ఆ ఘాటు తర్వాత ఒరిజినల్ మ్యాప్ మళ్లీ ఎక్కించేశాను. గొట్టాలు, సెన్సర్, మసి పని అయ్యాక అదే ఘాటు అయిదుగురితో మూడో గేరులో ఎక్కుతోంది, మళ్లీ రీమ్యాప్ కావాలనిపించలేదు.

ఇంకొకటి, 2007 బండి కాబట్టి 15 ఏళ్లు 2022లోనే నిండాయి. ఆర్‌సీ అయిదేళ్లకు రెన్యువల్ అయిందా, ఎప్పటి దాకా ఉంది చూసుకో. కర్ణాటక ఎన్‌వోసీ (బండిని మన రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే అనుమతి), అంటే ఫారం 28, చేతికొచ్చాకే పెద్ద ఖర్చులు మొదలుపెట్టు. బెల్టు బిల్లు ఉందో లేదో, మూడో గ్రూపులో 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర గాలి ఎంత అడుగుతోందో, ఎంత వస్తోందో ఇక్కడ రాయి. చూసి సెన్సరా, మసా, గొట్టాలా చెప్తాను.