ఎనిమిది బిట్లకు ఎనిమిది సింక్రొనైజర్లు పెడితే సరిపోదు

ప్రశ్న: నా ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక కూడా లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగల చిప్) డిజైన్‌లో 50 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో నడిచే ఎనిమిది బిట్ల కౌంటర్‌ను, వేరే ఆసిలేటర్ నుంచి వచ్చే 75 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో నడిచే భాగం చదువుతుంది. ప్రతి బిట్‌కూ రెండేసి ఫ్లిప్‌ఫ్లాప్‌ల (ఒక్కో బిట్‌ను పట్టి ఉంచే సర్క్యూట్ల) సింక్రొనైజర్, అంటే వేరే క్లాక్‌లోకి వచ్చే బిట్ స్థిరపడేందుకు సమయమిచ్చే ఏర్పాటు, పెట్టాను. సిమ్యులేషన్‌లో తప్పు లేదు, టైమింగ్ రిపోర్టులోనూ లేదు. బోర్డు మీద మాత్రం అప్పుడప్పుడు పొంతన లేని సంఖ్యలు వస్తున్నాయి. కారణం వెతకడానికి డిజైన్‌లోనే లాజిక్ ఎనలైజర్‌ను (చిప్ లోపలి సిగ్నళ్లను చూపే సర్క్యూట్‌ను) చేర్చి మళ్లీ కంపైల్ చేస్తే తప్పు మాయమవుతోంది. చిప్‌లోనే లోపం ఉందా?

జవాబు: చిప్‌లో లోపం లేదు. ఇదే ఫిర్యాదు ఫ్రీక్వెన్సీలు మాత్రం మార్చుకుని నాకు పదే పదే వస్తోంది కనుక ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను. సింక్రొనైజర్ ఒక్క బిట్‌ను కాపాడుతుంది; ఎనిమిది బిట్లు కలిసి చెప్పే సంఖ్యను కాపాడడం దాని పని కాదు. మీ కౌంటర్ 127 నుంచి 128కి మారేటప్పుడు 01111111 కాస్తా 10000000 అవుతుంది, అంటే ఎనిమిది బిట్లూ ఒకేసారి మారతాయి. అవి ప్రయాణించే దారుల ఆలస్యాలు సమానంగా ఉండవు కాబట్టి, సరిగ్గా ఆ సమయంలో అవతలి క్లాక్ అంచు వస్తే కొన్ని బిట్లు పాతవి, కొన్ని కొత్తవి చేరతాయి. ఏ బిట్‌కు ఆ బిట్ చక్కగా స్థిరపడినా, చదివిన సంఖ్య 0 నుంచి 255 వరకు ఏదైనా కావచ్చు. లాజిక్ ఎనలైజర్‌ను చేర్చినప్పుడు ప్లేస్‌మెంట్, రూటింగ్ (చిప్‌లో సర్క్యూట్ భాగాల చోట్లు, వాటిని కలిపే దారుల ఎంపిక) మళ్లీ జరిగి ఆ ఆలస్యాలు మారాయి, అందుకే తప్పు కనిపించలేదు.

ఒక్కొక్కటిగా పెరిగే కౌంటర్‌కు గ్రే కోడ్ సరైన మందు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్రాంక్ గ్రే 1947లో దరఖాస్తు చేయగా 1953లో పేటెంటు పొందిన ఈ కోడ్‌లో పక్కపక్క సంఖ్యల మధ్య ఒక్క బిట్ మాత్రమే మారుతుంది కనుక, ఏ క్షణంలో చదివినా పాత సంఖ్యో కొత్త సంఖ్యో వస్తుంది, మూడోది రాదు. అయితే గ్రే కోడ్‌లోకి మార్చిన విలువను పంపే క్లాక్‌లోనే ఒక రిజిస్టర్‌లో పట్టి, ఆ తర్వాతే సరిహద్దు దాటించాలి. ఆ మార్పిడి చేసే ఎక్స్‌ఆర్ గేట్ల నుంచి నేరుగా పంపితే వాటి గ్లిచ్‌లు (క్షణికమైన తప్పుడు మార్పులు) కూడా అవతల నమోదవుతాయి. విలువ ఎలాగైనా మారే డేటా అయితే దాన్ని కదలకుండా పట్టి ఉంచి, రిక్వెస్ట్ అనే ఒక్క బిట్‌ను మాత్రం సింక్రొనైజర్ గుండా పంపి, అక్నాలెడ్జ్ తిరిగి వచ్చాకే మార్చాలి. ప్రవాహంగా వచ్చే డేటాకు అసింక్రొనస్ ఫిఫో (ఒక క్లాక్‌తో రాసి, వేరే క్లాక్‌తో అదే వరుసలో చదివే నిల్వ) వాడండి.

మీ టైమింగ్ రిపోర్టులో తప్పు లేకపోవడానికి కారణం, ఆ దారులను చూడవద్దని టూల్‌కు మీరే చెప్పడం కావచ్చు. రెండు క్లాక్‌ల మధ్య ఉన్నదంతా ఫాల్స్ పాత్ (టైమింగ్ చూడనక్కర్లేని దారి) అని ఒక్క వరుసలో రాసి ముగించే అలవాటు నన్ను చాలా కాలంగా బాధిస్తోంది. గ్రే కోడ్ బిట్ల మధ్య ఆలస్యపు తేడా పంపే క్లాక్ ఒక పీరియడ్‌ను, మీ విషయంలో 20 నానోసెకన్లను, మించితే ఆ కోడ్ ఇచ్చే రక్షణ పోతుంది. కాబట్టి అక్కడ ఫాల్స్ పాత్ తీసేసి గరిష్ఠ ఆలస్యానికి హద్దు పెట్టాలి. మామూలు ఆర్‌టీఎల్ (రిజిస్టర్ల స్థాయిలో రాసిన కోడ్) సిమ్యులేషన్‌కైతే మెటాస్టెబిలిటీ, అంటే ఫ్లిప్‌ఫ్లాప్ 0కీ 1కీ మధ్య కాసేపు ఆగిపోవడం, అనేదే తెలియదు. ఎటూ తేల్చుకోలేక మధ్యలో ఆగే ఫ్లిప్‌ఫ్లాప్‌ల ప్రవర్తనను చానీ, మోల్నార్ 1973లోనే ప్రయోగాలతో చూపించారు. ఆ అవకాశాన్ని పూర్తిగా తొలగించలేము, తగ్గించగలము. తేరుకోవడానికి ఇచ్చే సమయాన్ని ఆ ఫ్లిప్‌ఫ్లాప్ కాలస్థిరాంకానికి (అది ఎంత త్వరగా తేరుకుంటుందో చెప్పే కొలతకు) పది రెట్ల మేర పెంచితే, వైఫల్యాల మధ్య సగటు కాలం సుమారు 22 వేల రెట్లు పెరుగుతుంది. అందుకే సింక్రొనైజర్‌లోని రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల మధ్య ఏ లాజిక్కూ పెట్టకుండా వాటిని పక్కపక్కనే ఉంచాలి.

మీరు అడగకపోయినా, నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది భద్రత. డీబగ్ పోర్టు (చిప్ లోపలికి చూసి పరీక్షించే దారి) తెరిచి ఉందా, మూసి ఉందా అనే సమాచారం చాలా చిప్‌లలో ఫ్యూజుల (ఒక్కసారే రాయగల శాశ్వత బిట్ల) నుంచి ఒక నెమ్మది క్లాక్‌లోకి వచ్చి, అక్కడి నుంచి వేరే క్లాక్‌లోకి వెళుతుంది. ఆ కొన్ని బిట్లను కూడా మీ కౌంటర్‌లాగే బిట్‌కొక సింక్రొనైజర్‌తో దాటిస్తే, రీసెట్ తర్వాత ఒక్క సైకిల్ పాటు అవి 'తెరిచి ఉంది' అనే కలయికగా కనిపించవచ్చు. లక్షసార్లలో ఒకసారే కదా అని డిజైనర్ అనుకుంటాడు, కానీ దాడి చేసేవాడు పరికరాన్ని లక్షసార్లు రీసెట్ చేయగలడు, బయటి క్లాక్ వేగాన్ని మార్చగలడు, ఫ్లిప్‌ఫ్లాప్ తేరుకునే సమయం పెరిగేలా వోల్టేజీని తగ్గించగలడు. కనుక 'తెరిచి ఉంది' అనే కోడ్ మిగతా వాటికి అనేక బిట్ల దూరంలో ఉండాలి, నిర్వచించని ప్రతి విలువనూ 'మూసి ఉంది' అనే అర్థంలోనే తీసుకోవాలి, మార్పు పైన చెప్పిన రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ హ్యాండ్‌షేక్ ద్వారానే జరగాలి. స్టేట్ మెషీన్‌లో (స్థితి నుంచి స్థితికి మారే సర్క్యూట్‌లో) దీనికోసం మీరు రాసిన డిఫాల్ట్ శాఖను, అది ఎన్నటికీ చేరని స్థితి అనుకుని సింథసిస్ టూల్ (కోడ్‌ను గేట్లుగా మార్చే సాఫ్ట్‌వేర్) తీసేయవచ్చు. సేఫ్ స్టేట్ మెషీన్ ఆప్షన్ పెట్టి, ఆ శాఖ నిలిచిందో లేదో నెట్‌లిస్ట్‌లో (టూల్ తయారు చేసిన గేట్ల జాబితాలో) చూసుకోండి. రీసెట్ వదిలే అంచును కూడా ప్రతి క్లాక్ డొమైన్‌లోనూ విడిగా సింక్రొనైజ్ చేయాలి.

నెట్‌కు కలిసే చిన్న పరికరాలలో ఇలాంటి హార్డ్‌వేర్ తప్పును ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో కప్పిపుచ్చడం నాకు నచ్చదు. రిజిస్టర్‌ను రెండుసార్లు చదివి, ఒకే విలువ వస్తే నమ్మడం నెమ్మదిగా మారే కౌంటర్‌కు పని చేస్తుంది. చదవగానే చెరిగిపోయే స్టేటస్ రిజిస్టర్‌ను అలా చదివితే, రెండోసారికి సమాచారమే మిగలదు.

మార్పులు చేశాక లాజిక్ ఎనలైజర్‌ను తీసేసి, ప్లేస్‌మెంట్ సీడ్ (ప్లేస్‌మెంట్‌ను టూల్ మొదలుపెట్టే సంఖ్య) మారుస్తూ కొన్నిసార్లు కంపైల్ చేసి, వచ్చిన ప్రతి బిల్డ్‌నూ బోర్డు మీద గంటల తరబడి నడపండి. అవతలి వైపు చదివిన ప్రతి సంఖ్యనూ దాని ముందు చదివిన దానితో పోల్చి, వెనక్కి వెళితే ఎర్రర్ ఫ్లాగ్ ఎత్తే చిన్న సర్క్యూట్‌ను డిజైన్‌లోనే ఉంచండి. 255 తర్వాత 0 రావడాన్ని మాత్రం అది తప్పుగా లెక్కించకూడదు.