ద్రావకం ప్రభావమా, సారం ప్రభావమా?

నమస్కారమండీ. భీమిలి తీరపు మట్టి నుంచి వేరుచేసిన స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా సారం కాండిడా అనే శిలీంధ్రాన్ని అడ్డుకుంటోందని, అయితే సారాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ ఒక్కటే వేసిన పరీక్ష పళ్లెపు గుంటలోనూ పెరుగుదల తగ్గుతోందని మీరు రాశారు. ద్రావకం మోతాదు మించినట్టుంది. 96 గుంటల పళ్లెంలో అది 1 శాతం దాటకుండా పలుచన చేసి, ఆర్‌పీఎంఐ 1640 అనే పోషక మాధ్యమంలో 35 డిగ్రీల వద్ద పెంచి 24 గంటలకు చూడండి. విశాఖ ఉక్కపోతలో బల్లమీద వదిలేసిన పళ్లేలు లెక్కలోకి రావు.

పోలికకు శిలీంధ్ర వ్యాధుల మందు ఫ్లూకోనజోల్ తప్పనిసరి. అది కాండిడాను సాధారణంగా చంపదు, శిలీంధ్ర కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీని ఆపి పెరుగుదలను నిలువరిస్తుంది కనుక, గుంట పూర్తిగా తేటపడేదాకా చూడక, పెరుగుదల సగానికి తగ్గిన చోటునే తీసుకోవాలి.

అసలు చిక్కు ఆ తర్వాతిది. శిలీంధ్ర కణం మన కణానికి దగ్గర చుట్టం, కనుక దాన్ని దెబ్బతీసే మందు మనకూ హాని చేయవచ్చు; స్ట్రెప్టోమైసిస్ నోడోసస్ ఇచ్చిన ఆంఫోటెరిసిన్-బి అనే శిలీంధ్ర వ్యాధుల మందు ప్రాణాలు నిలుపుతూనే మూత్రపిండాలను దెబ్బతీయగలదు. మీ సారం ఎర్ర రక్తకణాలను పగలగొడుతుందో లేదో పరీక్షించాకే మార్గదర్శకుల వద్దకు వెళ్లండి.