తొండల మీద పరిశోధన: ఏ జర్నల్‌కు పంపాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి చేసింది. కడప ఊళ్లోనూ, పాలకొండల అంచునా తొండలు ఎండను ఎలా తట్టుకుంటున్నాయో చూసి ప్రాజెక్టు చేసింది. దాన్ని అమెరికా నుంచి వచ్చే ఇంటిగ్రేటివ్ బయాలజీ జర్నల్‌కు పంపాలని తన పట్టుదల. ఈలోగా ఒక సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. రూ.18 వేలు కడితే 10 రోజుల్లో ప్రచురిస్తామని, యూజీసీ కేర్ గుర్తింపు ఉందని రాశారు. పీహెచ్‌డీ సీటు రావాలంటే పేపర్ ఉండి తీరాలని బంధువులు అంటున్నారు. గైడ్ గారేమో మొదటి పేరు తనదే ఉండాలంటున్నారు. అమ్మాయి డిగ్రీ వరకు తెలుగు మీడియం. మాది చిన్న కిరాణా కొట్టు. డబ్బు కట్టమంటారా?
– ఒక తండ్రి, కడప

జవాబు: కట్టకండి. ఉచితంగా వేస్తామన్నా ఇదే మాట చెప్పేవాణ్ణి. ఒక పరిశోధన పత్రాన్ని ఆ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు చదవాలి, తప్పులు పట్టాలి, రాసినవాళ్లు దిద్దాలి, ఎడిటర్ మళ్లీ చూడాలి. ఇదంతా 10 రోజుల్లో జరగదు. జరుగుతుందని ముందే హామీ ఇస్తున్నారంటే ఎవరూ చదవరన్నమాట.

ఆ మెయిల్‌లో దొరికిపోయే సంగతి ఇంకొకటి ఉంది. యూజీసీ కేర్ అంటే నమ్మదగిన జర్నళ్లకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పెట్టిన జాబితా. దాన్ని యూజీసీయే 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఏ జర్నల్ మంచిదో తేల్చుకునే పనిని విశ్వవిద్యాలయాలకు, అధ్యాపకులకు వదిలి, చూడవలసిన గుర్తులు మాత్రం సూచించింది. లేని జాబితాలో తమకు చోటుందని చెప్పుకొంటున్నవాళ్లను ఇంకే విషయంలో నమ్ముతారు?

ఇలాంటి దుకాణాలు చిన్నవేమీ కాదు. 2013లో 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే విలేఖరి కావాలనే తప్పులతో నింపిన ఒక బూటకపు పత్రాన్ని 304 జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు ఆమోదించాయి. మన హైదరాబాదు నుంచే జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ వ్యాపార నియంత్రణ విభాగం కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. సమీక్ష సరిగా చేయకపోవడం, రుసుము సంగతి ముందు చెప్పకపోవడం అందులోని ఆరోపణల్లో ఉన్నాయి.

మీ అమ్మాయి తొందరపడి ఆ సంస్థకు పేపర్ ఇప్పటికే పంపేసి ఉంటే, కాపీరైట్ ఫారం మీద సంతకం చేయకముందే ఉపసంహరించుకుంటున్నట్టు మెయిల్ రాయమనండి. వెనక్కి తీసుకోవడానికీ డబ్బు అడుగుతారు, కట్టవద్దు. మెయిళ్లన్నీ దాచి ఉంచండి. ఒకసారి అక్కడ అచ్చయిందంటే అదే పనిని మరే మంచి జర్నలూ తీసుకోదు. మీకు రూ.18 వేల కంటే పెద్ద నష్టం అది.

ఇక అమ్మాయి కోరుకుంటున్న జర్నల్ సంగతి. మీరు పేరు పూర్తిగా రాయలేదు. బహుశా 'ఇంటిగ్రేటివ్ అండ్ కంపారిటివ్ బయాలజీ' అయి ఉండాలి. 1961లో 'అమెరికన్ జువాలజిస్ట్'గా మొదలై 2002లో ఈ పేరు పెట్టుకుంది. మంచి జర్నల్, అనుమానం లేదు. కానీ దాన్ని నడిపే సంఘం ఏటా జనవరి ప్రాంతంలో వార్షిక సమావేశం పెడుతుంది. ఆ సమావేశపు సదస్సుల్లో ప్రసంగించినవారి పత్రాలే అందులో ఎక్కువగా వస్తాయి. కడప నుంచి నేరుగా పంపే తొలి పేపర్‌కు అది సరైన గడప కాదు. అదే సంఘం 2019లో 'ఇంటిగ్రేటివ్ ఆర్గానిస్మల్ బయాలజీ' అని ఇంకో జర్నల్ మొదలుపెట్టింది. దానికి ఎవరైనా నేరుగా పంపవచ్చు. అది పూర్తిగా ఓపెన్ యాక్సెస్, అంటే చదివేవాళ్లకు ఉచితం, ఆమోదం పొందినవాళ్లు రుసుము కట్టాలి.

ఇక్కడ మీకు సందేహం రావచ్చు. డబ్బు తీసుకునేవన్నీ మోసమేనా? కాదు. నమ్మదగిన జర్నల్ పేపర్ బాగుందో లేదో ముందు తేల్చి, ఆమోదించాకే రుసుము అడుగుతుంది. రుసుము ఎంతో మొదటి నుంచే అందరికీ కనిపించేలా పెడుతుంది. అయినా ఆ మొత్తాలు డాలర్లలో ఉంటాయి, ఒక కిరాణా కొట్టు మోయగలిగేవి కావు. పేద దేశాలకు ఇచ్చే పూర్తి మినహాయింపుల జాబితాల్లో చాలాచోట్ల భారతదేశం పేరు ఉండదు. కాబట్టి పంపే ముందే ఎడిటర్ కార్యాలయానికి రాసి, సొంత నిధులు లేని విద్యార్థికి రాయితీ ఇస్తారా అని అడగాలి. అడగడం తప్పు కాదు, అందరూ అడుగుతారు.

లేదా రచయితల దగ్గర ఏమీ తీసుకోని దారి ఎంచుకోవచ్చు. చాలా పెద్ద జర్నళ్లు చందాల మీద నడుస్తాయి. 'జర్నల్ ఆఫ్ థర్మల్ బయాలజీ' వంటి వాటిలో పేపర్ ఆమోదం పొందాక ఓపెన్ యాక్సెస్ కావాలా అని ఫారంలో అడుగుతారు. వద్దని గుర్తు పెడితే చందా పద్ధతిలో వస్తుంది, రూపాయి ఖర్చు ఉండదు. గాబరాలో అవునని నొక్కేసి తర్వాత బిల్లు చూసి బెంబేలెత్తే పిల్లలు ఉంటారు కనుక ఆ ఫారం నింపేటప్పుడు గైడ్ గారిని పక్కన ఉండమనండి. మన దేశంలో బెంగళూరు నుంచి ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తెచ్చే 'జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్' ఉంది. దేశీయ జర్నల్ అని చిన్నచూపు చూడనక్కరలేదు.

ఇవన్నీ పక్కన పెట్టి, అసలు మీ అమ్మాయి చేసిన పని ఇంటిగ్రేటివ్ బయాలజీ అవుతుందా అన్నది చూద్దాం. నేను రిపోర్టు చూడలేదు, మీరు రాసిన రెండు ముక్కలను బట్టే చెబుతున్నాను.

ఉదయం నుంచి సాయంత్రం దాకా తొండల శరీర ఉష్ణోగ్రత ఎంతెంత ఉందో పట్టికలు వేసి ఇస్తే అది ప్రాజెక్టు రిపోర్టు. మార్కులు వస్తాయి, జర్నల్‌లో చోటు రాదు. ఇంటిగ్రేటివ్ జర్నళ్ల ఎడిటర్లు అడిగేది వేరు. ఒళ్లు వేడెక్కేకొద్దీ తొండ పరుగు వేగం మెల్లగా పెరుగుతుంది, ఒక స్థాయి దాటగానే ఒక్కసారిగా పడిపోతుంది. ఇది శరీరధర్మం. ఆ స్థాయికి చేరకముందే అది నీడకు పోతుందా, గోడ పగుళ్లలో దూరుతుందా, మధ్యాహ్నం వేట మానేస్తుందా? ఇది ప్రవర్తన. కొండ అంచున బండ కింద దొరికే చల్లదనం, ఊళ్లో సిమెంటు గోడ పక్కన దొరుకుతుందా? ఇది పరిసరం. ఈ మూడింటినీ ఒకే ప్రశ్న కింద ముడివేయగలిగితే ఆ పని ఇంటిగ్రేటివ్ అవుతుంది. ఊరి తొండలు ఎక్కువ వేడిని భరించేలా మారాయా, లేక వేడిని తప్పించుకునే వేళలు మాత్రమే మార్చుకున్నాయా? ఈ ఒక్క ప్రశ్నకు ఆమె కొలతలు కొంతైనా సమాధానం చెబితే, ఏ దేశపు ఎడిటరైనా రెండో పేజీ తిప్పుతాడు.

కడప తొండలు ప్రపంచానికి ఎందుకు అని మీరు అనుకోవచ్చు. వేడి దేశాల జంతువులు ఇప్పటికే తాము తట్టుకోగల హద్దుకు దగ్గరగా బతుకుతున్నాయా అన్నది శాస్త్రవేత్తల మధ్య పెద్ద చర్చ. దానికి అమెరికా ఖండాల నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చినంత సమాచారం మన పొడి అడవుల నుంచి రాలేదు. 1900 తర్వాత ఏ శాస్త్రవేత్తకూ కనిపించని కలివి కోడి అనే పక్షి 1986లో మీ జిల్లాలోనే, లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని పట్టి చూపింది ఐతన్న అనే స్థానికుడు. అన్నట్టు, మీ అమ్మాయికి కొండ దారులు చూపినవాళ్లు, తొండలు పట్టడంలో సాయపడ్డవాళ్లు ఎవరైనా ఉంటే పేపర్ చివర కృతజ్ఞతల్లో వాళ్ల పేర్లు తప్పకుండా రాయమనండి.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం కలవరపెట్టే విషయం. పేపర్ పంపగానే జర్నల్ అడిగే మొదటి కాగితాల్లో జంతువులపై ప్రయోగానికి అనుమతి ఒకటి. విశ్వవిద్యాలయాల్లో ఐఏఈసీ అని జంతు నైతిక సంఘం ఉంటుంది. తొండను పట్టి, ఉష్ణోగ్రత కొలిచి, పరుగెత్తించి ఉంటే ఆ సంఘం అనుమతి సంఖ్య కావాలి. రిజర్వు అడవిలో పట్టి ఉంటే అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. పని అయిపోయాక వెనకటి తేదీతో ఈ కాగితాలు తెచ్చుకోవడం కుదరదు, ఎవరైనా తెచ్చి ఇస్తామన్నా తీసుకోవద్దు. అనుమతులు ఉంటే మంచిది. లేకపోతే పట్టి కొలిచిన భాగాన్ని వదులుకోవలసి రావచ్చు. అప్పుడు దూరం నుంచి చూసి రాసుకున్న సంగతులు, అంటే ఏ వేళకు ఎన్ని తొండలు ఎండలో ఉన్నాయి, ఎన్ని నీడలో ఉన్నాయి అన్నవి మిగులుతాయి. వాటిని చిన్న నోట్‌గా రాసి కోయంబత్తూరు నుంచి వచ్చే 'జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా' వంటి చోటికి పంపే వీలుందేమో గైడ్ గారితో మాట్లాడాలి. నిరాశగానే ఉంటుంది. కానీ చేసిన పనిలో నిలబడే భాగం అదే అయితే అదే పంపాలి.

లెక్కల దగ్గర ఒక హెచ్చరిక. 12 తొండలను ఒక్కొక్కదాన్ని ఐదేసి సార్లు కొలిచి 60 అని రాసుకునే అలవాటు మన కాలేజీ ప్రాజెక్టుల్లో ఎక్కువ. సమీక్షకుల దృష్టిలో అవి 12 తొండలే. ఈ పొరపాటు మీద జీవావరణ శాస్త్రంలో 1984 నుంచి చర్చ నడుస్తోంది, సమీక్షకులు మొదట వెతికేదీ దీన్నే. స్టాటిస్టిక్స్ విభాగంలో ఎవరికైనా ఒకసారి చూపించి పంపడం మేలు.

భాష గురించి అంత బెంగ వద్దు. తెలుగు మీడియం వల్ల పేపర్లు తిరిగి రావు. చెప్పదలచింది ఏమిటో తేలకపోవడం వల్ల వస్తాయి. ముందు తెలుగులోనే ఐదు వాక్యాలు రాయమనండి: ప్రశ్న ఏమిటి, ఇంతవరకు ఏం తెలుసు, తను ఏం చేసింది, ఏం తేలింది, దాని వల్ల ఏం మారుతుంది. ఆ ఐదూ మీ కొట్టుకు వచ్చేవాళ్లకు అర్థమైతే ఇంగ్లిష్ దిద్దుకోవడం పెద్ద పని కాదు. కృత్రిమ మేధ సాధనాలతో వ్యాకరణం సరిచేసుకోవడాన్ని చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి, వాడినట్టు పేపర్‌లో చెప్పాలి. వాటి చేత రిఫరెన్సులు మాత్రం రాయించుకోవద్దు. లేని పేపర్లను ఉన్నట్టు పుట్టించి ఇస్తాయి, ఆ మరక తన పేరు మీద పడుతుంది.

రాసే ముందు, పంపదలచిన జర్నల్‌లో ఇటీవల వచ్చిన పేపర్లు పదైనా చదవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు సుమారు 13 వేలు అందుబాటులోకి వచ్చాయి. యోగి వేమన విశ్వవిద్యాలయం వంటి చోట లైబ్రరీలో అడిగితే ఎలా తెరవాలో చూపిస్తారు.

గైడ్ గారి విషయం సున్నితమైంది. పని చేసి, పేపర్ రాసినవారి పేరు మొదట ఉండాలన్నది జీవశాస్త్రంలో నడిచే పద్ధతి. దారి చూపిన పెద్దల పేరు చివర వస్తుంది. మన దగ్గర చివర అంటే తక్కువని అనుకుంటారు గానీ, ఈ రంగంలో చివరి పేరు చూసే అది ఎవరి ల్యాబ్ అని గుర్తుపడతారు. ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయితగా కూడా ఆయన పేరే ఉండవచ్చు. ఈ రెండు స్థానాలూ మీకేనండీ అని అమ్మాయే వినయంగా అడగాలి. మీరు వెళ్లి మాట్లాడవద్దు, తగవులా మారుతుంది. ఆయనకు చెప్పకుండా తనొక్కతే పంపేయడం మాత్రం అసలు కూడదు. కొలతలు ఆ విభాగానివి కూడా.

పంపాక ఏమవుతుందో ముందే తెలిసి ఉంటే మంచిది. రెండు మూడు వారాల్లో సమీక్షకు కూడా పంపకుండానే తిప్పి పంపవచ్చు. సమీక్షకు వెళ్తే కొన్ని నెలలు పడుతుంది. తర్వాత వచ్చే ఉత్తరంలో ఇరవై ముప్పై ఆక్షేపణలు ఉండవచ్చు. ఆ ఉత్తరం చూసి ఇంట్లో ఎవరూ కంగారు పడవద్దు, దిద్ది పంపమన్నారంటే ఆసక్తి ఉందని లెక్క. ప్రతి ఆక్షేపణకూ విడివిడిగా జవాబు రాయాలి. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో మర్యాదగా చెప్పాలి. ఒక జర్నల్ తేల్చేవరకు ఇంకో జర్నల్‌కు పంపకూడదు. అన్నీ కలిపి ఏడాది అనుకోండి.

అంతవరకు పీహెచ్‌డీ ఆగాలా? అక్కర్లేదు. మీ బంధువుల మాట నిజం కాదు. ప్రవేశానికి పేపర్ తప్పనిసరి అనే నిబంధన యూజీసీలో లేదు. థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ వేయాలన్న షరతును కూడా 2022 నిబంధనల్లో తీసేశారు. కావలసింది నెట్, అంటే జాతీయ అర్హత పరీక్ష. లైఫ్ సైన్సెస్‌లో సీఎస్‌ఐఆర్ నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37 వేలు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా ఆ మార్కులతో పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత పొందే మార్గం 2024 నుంచి ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ ఆర్‌సెట్ అనే పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఉంది. కాబట్టి రోజులో పెద్ద భాగం నెట్ చదువుకు, వారంలో రెండు పూటలు పేపర్‌కు కేటాయించమనండి.

తిరుపతిలోని ఐసర్ (కేంద్ర విజ్ఞాన పరిశోధన సంస్థ) వంటి చోట ఇంటర్వ్యూకు పిలిస్తే ఎక్కువ ప్రశ్నలు ఆమె ప్రాజెక్టు మీదే ఉంటాయి. ఆ తొండలనే ఎందుకు ఎంచుకున్నావు, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు అని అడుగుతారు. అప్పటికి పేపర్ సమీక్షలో ఉంటే బయోడేటాలో 'సమీక్షలో ఉంది' అని మాత్రమే రాయాలి. అంగీకార పత్రం చేతికి రాకముందు 'ఆమోదం పొందింది' అని రాయకూడదు.