పెరట్లో అరటి ఏ రకమో ఎలా తేల్చాలి?

ప్రశ్న: మేం పోయినేడు ఒక పాత ఇల్లు కొనుక్కున్నామండి. పెరట్లో రెండు అరటి దుబ్బులున్నాయి, అమ్మినవాళ్లని అడిగితే మా నాన్నగారు వేశారు, ఏ రకమో మాకూ తెలీదన్నారు. ఒకటి బాగా పొడుగ్గా ఎదిగింది, ఆకు తిప్పి చూస్తే నడిమి ఈనె గులాబీ రంగులో ఉంది. రెండోదాని బోదె లావుగా ఉంది, మీద తెల్లటి బూడిదలాంటి పొర. రెండూ ఇంకా గెల వెయ్యలేదు. మొదటిది అమృతపాణి అని మా అత్తయ్యగారు, కాదు చక్కెరకేళి అని మావారు. ఫోన్ యాప్‌లో ఫొటో పెడితే ‘మూసా’ అని చెప్పి ఊరుకుంది. గెల వేసేదాకా ఆగకుండా తెలుసుకునే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: యాప్ తప్పేం లేదండి, మూసా అంటే అరటి జాతి మొత్తానికీ పేరు, ఒక్క ఆకు ఫొటో చూసి అంతకంటే ముందుకి వెళ్లడం దానికి కష్టమే. కానీ మీరు ఆకు తిప్పి చూశారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. ఈనె అడుగున గులాబీ రంగు కర్పూర చక్కెరకేళి లక్షణం, మన గోదావరి జిల్లాల పెరళ్లలో పొడుగ్గా, పెద్దగా సేవ అడక్కుండా పెరిగే అరటి చాలామటుకు ఇదే, కాబట్టి నా ఓటు మీవారికే. అలాగని అత్తయ్యగారి మాట కొట్టిపారెయ్యకండి, అమృతపాణిలోనూ ఎరుపు ఉంటుంది, కాకపోతే అది ఈనె అడుగున కాదు, ఆకు కాడ అంచుల్లోనూ బోదె మీది డొప్పల అంచుల్లోనూ సన్నగా కనిపిస్తుంది, బోదె కూడా పసుపు కలిసిన పచ్చగా ఉండి గోధుమరంగు మచ్చలుంటాయి. ఎరుపు ఎక్కడుందో ఇద్దరూ కలిసి ఓసారి చూస్తే సరి.

మావారు చక్కెరకేళి అన్నారు అని రాశారు గానీ ఏ చక్కెరకేళి? తెల్లది వేరు, ఎర్రది వేరు, కర్పూర వేరు. మనం తినే అరటిపళ్లన్నీ దాదాపుగా రెండు అడవి అరటుల సంతానం, ఒకటి అక్యుమినేటా, రెండోది బాల్బిసియానా. తెల్ల, ఎర్ర చక్కెరకేళులు, పచ్చ అరటి పూర్తిగా మొదటిదాని వంశం. కర్పూర, అమృతపాణి రెండూ కలిసినవే గానీ మొదటిదాని పాలు ఎక్కువ. కూరకి వాడే బొంత అరటిలో రెండోదాని పాలు ఎక్కువ. ఇది శాస్త్రం కోసం చెప్పట్లేదు, గెల లేకుండా గుర్తుపట్టేది దీని ఆధారంగానే.

ఎలాగంటే, పైనుంచి మూడో ఆకు ఎంచుకుని దాని కాడని బోదెకి కొంచెం ఎడంగా చాకుతో అడ్డంగా కొయ్యండి (పాత బట్టలేసుకోండి, అరటి కర పడితే ఏ సబ్బుకీ వదలదు). కోసిన ముక్కని ఎదురుగా పెట్టుకుని చూస్తే మధ్యలో కాలువ కనిపిస్తుంది. పచ్చ అరటిదైతే ఆ కాలువ బార్లా తెరుచుకుని అంచులు బయటికి వాలి ఉంటాయి, బోదె దగ్గర ఆ అంచులకి ఎండిన పల్చటి పొర కూడా వేలాడుతుంది. బొంతదైతే రెండంచులూ లోపలికి వంగి దాదాపు ఒకదాన్నొకటి తాకుతాయి. కర్పూర, అమృతపాణి ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటాయి, కాబట్టి వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదియ్యడానికి కాడ పనికిరాదు, ఎరుపు ఎక్కడుందన్నదే చూసుకోవాలి.

మీ రెండో దుబ్బు బొంతే అనుకుంటున్నా. బోదె మీద నల్లమచ్చలు లేకుండా పచ్చగా ఉండి పైన బూడిద పొర ఉంటే అనుమానం అక్కర్లేదు, కాడ కూడా కోసి చూసుకోండి. బొంతల్లో కొవ్వూరు బొంత, గోదావరి బొంత లాంటివి ఉన్నాయి, అందులో ఏదన్నది మాత్రం కాయ చూడకుండా నేను చెప్పను. ఏదైనా బజ్జీలకీ కూరకీ ఢోకా లేదు.

ఇక గట్టిగా తెలియాలంటే మాత్రం పువ్వు దాకా ఆగాల్సిందే. 1955లో సిమ్మండ్స్, షెపర్డ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు 15 లక్షణాలు తీసుకుని ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులేసే పద్ధతి పెట్టారు, అచ్చం అక్యుమినేటా అయితే 15, అచ్చం బాల్బిసియానా అయితే 75, ఇప్పటికీ అదే వాడతారు. ఆ పదిహేనులో చాలావరకు పువ్వులోనే ఉంటాయి. మనవాళ్లేమో ఆఖరి అత్తం విచ్చగానే పువ్వు కోసి కూర వండేస్తారు! కోసే ముందు ఒక్క ఎర్ర రేకు లేచినప్పుడు ఫొటో తియ్యండి. రేకు లేచి వెనక్కి చుట్టుకుపోతే అక్యుమినేటా పాలు ఎక్కువ, చుట్టుకోకుండా ఊరికే పైకి లేచి నిలబడితే బొంత వైపు.

పండాక ఇంకా సులువు. కర్పూర గెలలో కాయలు ఒత్తుగా, పొట్టిగా, కొన ముక్కులా పొడుచుకొచ్చి ఉంటాయి, తీపిలో చిన్న పులుపు తగులుతుంది. అమృతపాణి పండితే కాయలు గెలనుంచి ఊడి రాలిపోతుంటాయి. దానికి పనామా తెగులు (నేలలోని బూజు వేళ్లకి సోకి వచ్చే వడలు తెగులు) భయం కూడా ఉంది, ముసలాకులు పసుపైపోయి బోదె చుట్టూ వేలాడుతుంటే ఆ దుబ్బు నుంచి పిలక తీసి ఇంకోచోట నాటకండి, ఎవరికీ ఇవ్వకండి కూడా. మీకు రావులపాలెం మార్కెట్ దగ్గరే కదా, అక్కడ దించే గెలల పక్కన మీ గెల ఫొటో పెట్టి చూస్తే వ్యాపారులు చిటికెలో చెప్పేస్తారు. వాళ్లతో కూడా తేలకపోతే కొవ్వూరులో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, ఆకు కాడ ముక్క, పువ్వు ఫొటో, ఒక అత్తం పట్టుకెళ్లండి.

ప్రశ్న: నర్సరీలో ఎర్ర అరటి అని టిష్యూకల్చర్ మొక్క ఇచ్చారు. లేబుల్ లేదు. ఆకుల మీద ఎర్రటి మచ్చలున్నాయి, నిజంగా ఎర్ర అరటేనా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మచ్చలు చూసి నమ్మకండి సార్. టిష్యూకల్చర్ జీ-9 (గ్రాండ్ నైన్ అనే పచ్చ అరటి రకం) మొక్కలకి చిన్నప్పుడు ఆకుల మీద ఎర్ర మచ్చలు మామూలే, ఎదిగేకొద్దీ కొత్త ఆకుల్లో పోతాయి. ఎర్ర అరటికైతే బోదె, కాడ, ఈనె అన్నీ ముదురు ఎరుపు తిరుగుతాయి. ఇంకో నాలుగైదు ఆకులొచ్చాక బోదె పచ్చగా ఉండి నల్లమచ్చలు తేలితే అది జీ-9. అయినా పీకెయ్యకండి, పదకొండు పన్నెండు నెలల్లో మంచి గెల చేతికొస్తుంది, ఎర్రదానికైతే ఏడాది దాటి ఇంకా ఆగాలి. ఈసారి మొక్క కొనేటప్పుడు మాత్రం బిల్లు మీద రకం పేరు రాయించుకోండి.