ఫీజుల గేట్‌వేకి క్లయింట్ రాసే ముందు

సీతమ్మధార,
విశాఖపట్నం.

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీ మెసేజ్ చదివి వినిపించింది. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా కాలేదు, అప్పుడే కాలేజీ ఫీజుల సర్వీసుకి పేమెంట్ గేట్‌వే (బ్యాంకుతో మాట్లాడి చెల్లింపు జరిపించే అవతలి సర్వీసు) కలిపే పని నీ చేతికే ఇచ్చారట. ఫోన్ పెట్టేశాక ఆ సంగతి మీ అత్తకి రెండుసార్లు చెప్పాను. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. డబ్బు కదిలే కోడ్ కదా, అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి ముందే తేల్చేస్తాను. గేట్‌వే అడ్రసు కోడ్‌లో కాదు, కాన్ఫిగ్‌లో ఉండాలి. సీక్రెట్ కీ కోడ్ దాచే గిట్‌లోకి పోకూడదు. సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చిందని అన్ని సర్టిఫికెట్లనీ నమ్మేసే కోడ్ ఎక్కడినుంచో తెచ్చి అతికించావో, మా ఇంటి గడప తొక్కొద్దు. కావలసిన సర్టిఫికెట్‌ని జావా నమ్మే సర్టిఫికెట్ల పెట్టెలో, అదే ట్రస్ట్‌స్టోర్‌లో వేసుకో, అయిపోతుంది.

ఇక అసలు సంగతి. గేట్‌వేని పిలవడానికి వాడే స్ప్రింగ్ క్లాసు రెస్ట్‌టెంప్లేట్‌ని ఊరికే 'న్యూ' అని తయారుచేస్తే లోపల పనిచేసేది జావాతో పాటు వచ్చే పాత కనెక్షన్ క్లాసే. దానికి టైమౌట్, అంటే ఎదురుచూసే గడువు, మామూలుగా సున్నా; సున్నా అంటే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. మీ సర్వీసుని నడిపే టామ్‌క్యాట్‌లో మనం ముట్టుకోకపోతే 200 థ్రెడ్లుంటాయి, రిక్వెస్టుకొకరు చొప్పున పనివాళ్లన్నమాట. సెకనుకి పది ఫీజులు వస్తున్నప్పుడు గేట్‌వే పలకడం మానేస్తే, 20 సెకన్లలో ఆ 200 మందీ అక్కడే చతికిలబడతారు. ఇక లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. తప్పు అవతలివాళ్లది, పడిపోయింది మీ సర్వరు.

అందుకని రెస్ట్‌టెంప్లేట్ కింద ఆ పాత క్లాసు బదులు అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీ పెట్టుకో. మూడు టైమౌట్లుంటాయి, మూడూ నువ్వే రాయాలి. మొదటిది కనెక్ట్ టైమౌట్: 3 సెకన్లు చాలు. గేట్‌వే బతికే ఉంటే అంతలోపు తలుపు తీస్తుంది. రెండోది రీడ్ టైమౌట్: ఇది ఊహించి పెట్టేది కాదు. వందలో 99 జవాబులు ఎంతలో వస్తున్నాయో సర్వర్ మీదనుంచే కొలువు, ఆఫీసు వైఫై మీద కాదు. 6 సెకన్లు వస్తే 10 పెట్టు. ఒక మెలిక ఉంది: రీడ్ టైమౌట్ లెక్కపెట్టేది మొత్తం జవాబు సమయాన్ని కాదు, ఒక ముక్కకీ మరో ముక్కకీ మధ్య మౌనాన్ని. తొమ్మిదేసి సెకన్లకి ఒక్కో బైటు చొప్పున చుక్కచుక్కగా పంపే సర్వర్ దగ్గర అది ఎప్పటికీ మోగదు. కాబట్టి మొత్తం కాల్‌కి ఇంకో గడువు బయటనుంచి పెట్టాలి. మూడోది అందరూ మరిచిపోయేది: పూల్‌లో, అంటే మళ్లీమళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపులో, ఒకటి ఖాళీ అయ్యేదాకా ఆగే సమయం. నాలుగో వెర్షన్‌లో దానికి హద్దే లేదు, ఐదులో 3 నిమిషాలు. రెండు సెకన్లకి దించు.

పూల్ సైజు కూడా చూసుకో. నాలుగో వెర్షన్‌లో ఒక అడ్రసుకి రెండే కనెక్షన్లు, మొత్తం 20. ఐదులో ఒక అడ్రసుకి 5, మొత్తం 25. రెండు బల్లల టిఫిన్ సెంటర్‌కి పెళ్లివారు వచ్చినట్టుంటుంది. సెకనుకి 20 కాల్స్, ఒక్కోటి ఒకటిన్నర సెకను అనుకుంటే ఒకేసారి 30 కావాలి, కొంచెం ఊపిరాడేలా 40 పెట్టు. మొత్తం పెంచి ఊరుకుంటే లాభం లేదు. నీకున్నది ఒకే గేట్‌వే, కాబట్టి అడ్రసుకి ఇంత అన్న అంకె కూడా పెరగాలి. జవాబు బాడీని పూర్తిగా చదివి మూసెయ్, లేకపోతే ఆ కనెక్షన్ తిరిగి పూల్‌కి రాదు.

ఇంతవరకూ తప్పు చేస్తే సర్వర్ పడుతుంది, మళ్లీ లేపుకోవచ్చు. ఇప్పుడు చెప్పేది వేరు. ఈ తప్పు నా చేతులతో రాసిందే, అందుకే వివరంగా రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

కోడ్ చూడ్డానికి ముచ్చటగా ఉండేది. రీడ్ టైమౌట్ 5 సెకన్లు. ఎక్సెప్షన్ వస్తే 'ఫెయిల్' అని లాగ్ రాసి మళ్లీ ప్రయత్నం, మొత్తం మూడుసార్లు. రిఫరెన్స్ నంబర్ లూప్ లోపలే, అప్పటి టైమ్‌తో తయారయ్యేది. ఒకరోజు అవతలి బ్యాంకు నెమ్మదించి జవాబుకి 8 సెకన్లు పట్టింది. ఐదో సెకనులో నా కోడ్ ఫోన్ పెట్టేసింది. గేట్‌వే మాత్రం పెట్టలేదు, తన పని తాను చేసి డబ్బు కోసింది. నేను కొత్త నంబరుతో రెండోసారి పంపాను, దానికది కొత్త చెల్లింపు. మూడోసారీ అంతే. ఒకే మనిషికి మూడుసార్లు డబ్బు పోయింది. మా లాగ్‌లో మూడు 'ఫెయిల్'లు, వాళ్ల ఖాతాలో మూడు 'సక్సెస్'లు. మర్నాడు లెక్కలు సరిచూసేదాకా మాకు తెలియనే లేదు.

టైమౌట్ వచ్చిందంటే పని జరిగిందో లేదో నీకు తెలియదని అర్థం, అంతే. ఆ తెలియనితనాన్ని కోడ్‌లో ఒక స్థితిగా రాయాలి. ముందు రిఫరెన్స్ నంబర్ తయారుచేసి, 'పెండింగ్' అని డేటాబేస్‌లో వేసి, కమిట్ అయ్యాకే, అంటే అది గట్టిగా నమోదయ్యాకే, గేట్‌వేని పిలువు. రిఫరెన్స్ నంబర్ కాలమ్‌కి, ఒకే నంబరు రెండోసారి పడకుండా, యునీక్ నిబంధన పెట్టు. మధ్యలో సర్వర్ కరెంటు పోయినా ఆ వరుస మిగిలి ఉంటుంది. కనెక్ట్ టైమౌట్ అయితే రిక్వెస్ట్ ఇంకా గడప దాటలేదు, అదే నంబరుతో మళ్లీ పంపు. రీడ్ టైమౌట్ అయినా, అవతలివైపు తడబడిందని చెప్పే 500, 502, 504 కోడ్లు వచ్చినా చెల్లింపు మళ్లీ పంపొద్దు. అదే నంబరుతో స్టేటస్ అడుగు, 5 సెకన్లకి, 30 సెకన్లకి, 2 నిమిషాలకి. అప్పటికీ తేలకపోతే రాత్రిపూట రెండువైపుల లెక్కలూ సరిచూసే జాబ్‌కి వదిలెయ్. తెర మీద 'విఫలమైంది' అని మాత్రం చూపించకు. చూపిస్తే ఆ పిల్లవాడి తండ్రే మళ్లీ నొక్కుతాడు, అదీ రీట్రైయే. 400 వస్తే తప్పు నీది, ఎన్నిసార్లు పంపినా అదే తప్పు. మరీ ఎక్కువ పంపుతున్నావని చెప్పే 429 వస్తే ఎంతసేపు ఆగాలో హెడర్‌లో ఉందేమో చూడు.

నువ్వు రీట్రై రాయకపోయినా, ఇందాకటి జావా పాత క్లాసు తనంతట తానే చేస్తుంది. సర్వర్ జవాబివ్వకుండా కనెక్షన్ తెంచేస్తే అది పోస్ట్‌ని, అంటే నీ చెల్లింపు రిక్వెస్ట్‌ని, చప్పుడు చెయ్యకుండా ఇంకోసారి పంపుతుంది. ఆ సెట్టింగ్ పేరు సన్ నెట్ హెచ్‌టీటీపీ రీట్రైపోస్ట్, మామూలుగా ట్రూలోనే ఉంటుంది. ఆ క్లాసు వద్దన్నది సగం ఇందుకే. మధ్యలో రిక్వెస్టులని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ 60 సెకన్లకి ఖాళీ కనెక్షన్లు తెంచేదైతే, నీ పూల్ 45 సెకన్లకే వాటిని పారేసేలా పెట్టు. చచ్చిన తీగ మీద డబ్బు పంపడం దేనికి?

ఇంకొకటి. హుద్‌హుద్ తుఫాను చూసినవాణ్ని, 2014 అక్టోబర్ 12 గుర్తుంది కదా, నీకు ఊహ తెలిసే ఉంది. అలా నెట్ పోయి తిరిగొచ్చినప్పుడు పెండింగ్‌లో ఉన్నవన్నీ ఒకేసారి స్టేటస్ అడిగితే, కరెంటు రాగానే వీధంతా మోటార్లు వేసినట్టే. ఒక్కోదానికీ కొన్ని సెకన్లు అటూ ఇటూగా కలుపు.

పరీక్ష తేలికే. 192.0.2.1 అన్న అడ్రసు ఉదాహరణల కోసం కేటాయించింది, అక్కడ ఎవరూ ఉండరు; దానికి పంపి మూడో సెకనుకి ఎర్రర్ వస్తోందో లేదో చూడు. వెంటనే వస్తే అది టైమౌట్ కాదు, దారి లేదన్న ఎర్రర్. రీడ్ టైమౌట్‌కి నెట్‌క్యాట్ అనే చిన్న టూల్‌తో ఒక పోర్టు తెరిచి, మొదటి కనెక్షన్ తెగినా మూసుకోకుండా, ఏమీ జవాబివ్వకుండా ఉంచు. నెట్‌క్యాట్ కిటికీలో నీ పోస్ట్ ఒక్కసారే కనపడాలి. రెండోసారి కనపడితే ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి.

ఆదివారం లాప్‌టాప్ తీసుకునిరా. మిగతా కోడ్ నాకక్కర్లేదు, ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలో రాసిన ఆ క్యాచ్ బ్లాక్ ఒక్కటి చూపించు. మీ అత్త మాడుగుల హల్వా తెప్పించి దాచింది, ఆలస్యం చేస్తే నా పూచీ లేదు.

మీ మావయ్య