తోటి ప్రోగ్రామర్లతో వాదించబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కోడ్‌లోని చిన్న విషయాలను సైతం సహోద్యోగులు వదలకుండా పట్టుకుంటున్నారని, వారితో వాదించాలో ఊరకుండాలో తోచడం లేదని రాశావు. తప్పకుండా వాదించు. మన వృత్తిలోని గొప్ప ఆనందాలలో ఇది ఒకటని నా గట్టి నమ్మకం. నీ వేరియబుల్ పేరు సరిగా లేదని ఒకరు అన్నారంటే, నువ్వు రాసిన ప్రతి వరుసనూ వారు శ్రద్ధగా చదివారన్నమాట. అటువంటి పాఠకులు అందరికీ దొరకరు.

కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నారని విసుక్కోకు. క్రమంలో పేర్చిన జాబితాను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో, మధ్య స్థానం కోసం రెండు కొసల ఇండెక్సులను (స్థాన సంఖ్యలను) కూడి రెండుతో భాగించడం చూడటానికి నిర్దోషంగానే ఉంటుంది. కానీ అర్రే, అంటే ఆ జాబితా, చాలా పెద్దదైతే, ఆ మొత్తం 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ 2,14,74,83,647ను దాటి రుణసంఖ్యగా మారిపోతుంది. జావా ప్రామాణిక లైబ్రరీలోనే ఏళ్ల తరబడి నిలిచిన ఈ లోపాన్ని ప్రోగ్రామర్ జాషువా బ్లాక్ 2006లో వివరించారు. కొసల మధ్య తేడాలో సగాన్ని మొదటి కొసకు కలిపితే చాలు, చిక్కు తీరుతుంది. ఇంత చిన్న మార్పును ఎవరైనా సూచించినప్పుడు, అది ఎందుకో అడిగి తెలుసుకో. అసలు రుచి ఆ సంభాషణలోనే ఉంది.

వాదించే తీరుకు కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్‌ను ఆదర్శంగా తీసుకో. ప్రోగ్రామును ఒక చోటి నుంచి మరో చోటికి నేరుగా దూకించే గోటూ ఆదేశం వాడకం హానికరమని మరో శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1968లో రాస్తే, క్నూత్ 1974లో అసలు ప్రోగ్రాములనే ముందుంచి, గోటూ ఎక్కడ అనవసరమో, ఎక్కడ నిజంగా మేలు చేస్తుందో ఒక్కొక్కటిగా పరిశీలించారు. నువ్వు కూడా వేగం గురించి మాట్లాడేటప్పుడు కొలిచి చూపించు, తప్పుందని అనిపిస్తే అది బయటపడే టెస్టు రాసి చూపించు.

కోడ్ వరుసలను లోపలికి జరపడానికి ట్యాబులా స్పేసులా అన్న తగవు తీరిక వేళకు బాగుంటుంది. పైథాన్ శైలి మార్గదర్శకం నాలుగు స్పేసులంటుంది, లినక్స్ కెర్నల్ ట్యాబులంటుంది, గో భాషలో కోడ్ రూపాన్ని తానే సర్దే ఫార్మాటరే ట్యాబులు పెట్టేస్తుంది. మీ బృందం కూడా ఆ పనిని ఫార్మాటర్‌కు అప్పగిస్తే మంచిది.

అయితే వాదన మనుషులను అలసట పాలు చేయకూడదు. పైథాన్‌లో ఒక కొత్త ఆపరేటర్‌పై సాగిన తీవ్ర వివాదం తరువాత, 2018 జూలైలో ఆ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ దాని నాయకత్వం నుంచే తప్పుకున్నారు. అందుకే చిన్న సూచనకు ముందు ‘నిట్’ (అతి చిన్న విషయం) అని రాయి, దాని కోసం ఆ కోడ్‌కు ఇవ్వాల్సిన అప్రూవల్ ఆపకు. కొత్తగా చేరినవారి కోడ్‌లో పది లోపాలు కనిపించినా, ముందుగా ముఖ్యమైన రెండు మూడింటిని కారణాలతో సహా చెప్పు. మిగిలినవాటి గురించి వారు తిరిగి వాదించగల చనువు ఏర్పడ్డాక మాట్లాడవచ్చు.