వార్తా కథనాన్ని సినిమాటిక్‌గా తీయాలంటే ఏం నేర్చుకోవాలి?

మీరు ఒక డిజిటల్ న్యూస్ సంస్థలో వీడియో జర్నలిస్టుగా కొత్తగా చేరానని, అక్కడ కథనాలన్నీ 'సినిమాటిక్'గా ఉండాలంటున్నారని రాశారు. ఏ కెమెరా కొనాలి, స్లో మోషన్, కలర్ గ్రేడింగ్ (తీశాక రంగులు, వెలుగు సరిదిద్దడం) ఎంతవరకు నేర్చుకోవాలి అని అడిగారు. నేను 11 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట్లో నేనూ ఇవే ప్రశ్నలు అడిగాను. వాటికి దొరికిన జవాబులతోనే ఒక మంచి కథనాన్ని పాడు చేసుకున్నాను. ముందు అది చెబుతాను.

చేతి గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన మీద నాలుగు నిమిషాల వీడియో చేయాలి. నేను దాదాపు అంతా సెకనుకు 100 ఫ్రేముల్లో, అంటే స్లో మోషన్‌లో, వెనకంతా మసకబారేలా తీశాను. పట్టకారు చివర ఆవగింజంత స్క్రూ, కంటికి బిగించుకున్న భూతద్దం, దుమ్ము రేణువుల మీద వెలుగు... ఫ్రేములు నిజంగానే అందంగా వచ్చాయి. ఎడిటింగ్‌కి కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. ఆయన బాగుచేసిన ప్రతి గడియారాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు వినేవారు. కథకు ప్రాణం అదే. ఆ షాట్ నా దగ్గర ఉంది, శబ్దం మాత్రం లేదు. నేను వాడిన కెమెరా స్లో మోషన్ మోడ్‌లో ఆడియో రికార్డు చేయదు. చాలా కెమెరాలు అంతే. ఆ సమయంలో ఆయన ఏదో అన్నారు కూడా. పెదవులు కదలడం కనిపిస్తోంది, మాట లేదు.

మర్నాడు మళ్లీ వెళ్లి "ఇంకోసారి అలా చేయండి" అని అడిగాను. పాపం, చేశారు. గడియారం చెవి దగ్గరే ఉంది, కళ్లు మాత్రం నావైపు, "సరిపోయిందా బాబూ?" అన్నట్టు. ఆయన వినడం లేదు, నా కోసం వింటున్నట్టు చేస్తున్నారు. ఆ తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. ఆఫీసులో ఒకరు టిక్ టిక్ శబ్దం సౌండ్ లైబ్రరీ నుంచి తెచ్చి కలిపేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. సినిమాలో అడుగుల చప్పుడు కూడా తర్వాత స్టూడియోలోనే చేస్తారు, అక్కడ అది మోసం కాదు. మన దగ్గర చూసేవాళ్లు అది ఆ గడియారం శబ్దమేనని నమ్ముతారు. చివరికి ఆ షాట్ మూగగానే వెళ్లింది.

అప్పటి నుంచి నాకు సినిమాటిక్ అంటే మసకబారిన బ్యాక్‌గ్రౌండ్ కాదు. ఒక పనిని చూసేవాళ్లు పక్కనే నిలబడి చూసినట్టు అనిపించాలి. దానికి మొదట కావాల్సింది సీక్వెన్స్, అంటే ఒకే పనిని వేర్వేరు షాట్లలో వరుసగా చూపించడం. వీడియో జర్నలిజం శిక్షణలో మైకేల్ రోజెన్‌బ్లమ్ పేరుతో ప్రచారంలో ఉన్న ఐదు షాట్ల పద్ధతి ఉంది: చేతుల క్లోజప్, ముఖం క్లోజప్, మొత్తం చోటు కనిపించే వైడ్, భుజం మీదుగా ఒకటి, ఎవరూ ఊహించని కోణంలో ఇంకొకటి. చేతులు చూడగానే 'ఎవరివి?' అనిపిస్తుంది, ముఖం జవాబిస్తుంది. 'ఎక్కడ?' అనుకునేలోపు వైడ్ వస్తుంది. కెమెరా ఊపకుండా ప్రతి షాట్‌నీ కనీసం 10 సెకన్లు పట్టుకోండి. నేను కొత్తవాళ్ల ఫుటేజ్ చూసినప్పుడు ఎక్కువగా కనిపించే లోపం ఇదే. నాలుగో సెకనులోనే కెమెరా ఇంకోవైపు తిరిగిపోతుంది, ఆరో సెకనులో అసలు పని జరుగుతుంది.

సెట్టింగుల గురించి ఎక్కువ చెప్పను, ఒక వారం సాధన చేస్తే వచ్చేస్తాయి. సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టుకుంటే కదలికలు కంటికి సహజంగా ఉంటాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట్ల లైట్ల ఫ్లికర్ (మిణుకు) కూడా రాదు. ఎండలో ఆ షటర్‌తో ఫ్రేమ్ తెల్లగా పేలిపోతుంది కాబట్టి లెన్స్ ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పనిసరి. ఫోన్‌తో తీస్తుంటే ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) మధ్యలో మారకుండా లాక్ చేయండి. లాగ్‌లో, అంటే తర్వాత రంగులు దిద్దుకునేలా వెలిసినట్టుండే బొమ్మలో, తీయడం మాత్రం గ్రేడింగ్‌కి సమయం ఉన్నప్పుడే. సాయంత్రానికి అప్‌లోడ్ కావాల్సిన వార్తను లాగ్‌లో తీసి టెన్షన్ పడకండి.

శబ్దం దగ్గర మాత్రం ఆగాలి. బొమ్మ కాస్త వణికినా జనం చూస్తారు, మాట వినపడకపోతే వెళ్లిపోతారు. కాలర్ మైక్ పెట్టండి, ఆడియో మీటర్‌లో మాట గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి, చెవులకు హెడ్‌ఫోన్స్ లేకుండా రికార్డు బటన్ నొక్కకండి. పని అయ్యాక అందరినీ ఒక నిమిషం మాట్లాడొద్దని చెప్పి ఆ గది శబ్దాన్ని విడిగా రికార్డు చేయండి. ఫ్యాన్ హోరు, బయటి ట్రాఫిక్, ఏదైతే అది. ఎడిటింగ్‌లో రెండు బైట్ల (మాట్లాడిన ముక్కల) మధ్య అతుకు కనిపించకుండా చేసేది అదే. తర్వాతి సీన్ శబ్దాన్ని, బొమ్మ మారకముందే ఒకటి రెండు సెకన్లు ముందుగా వినిపించండి. దీన్నే జే కట్ అంటారు. నా అనుభవంలో ఏ ఖరీదైన లెన్స్ కంటే ఈ ఒక్క కట్టే కథనాన్ని సినిమాకు దగ్గర చేసింది. ఇంటర్వ్యూలో అవతలివాళ్లు జవాబు ముగించగానే తర్వాతి ప్రశ్నకు దూకకండి. నాలుగు సెకన్లు ఊరుకోండి. అసలు మాట చాలాసార్లు ఆ నిశ్శబ్దంలోనే బయటికొస్తుంది.

ఇప్పుడు మీరు అడగని విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. సినిమా భాష తెచ్చుకుంటున్నప్పుడు దానితో పాటు 'ఇంకో టేక్' అనే అలవాటు కూడా వచ్చేస్తుంది. ఇది కొత్త సమస్యేమీ కాదు. 1922లో విడుదలైన, ఆర్కిటిక్‌లోని ఇన్యూట్ కుటుంబం మీది డాక్యుమెంటరీ 'నానూక్ ఆఫ్ ద నార్త్' తీసినప్పుడు రాబర్ట్ ఫ్లాహెర్టీ, మంచు ఇంటి లోపల కెమెరాకు చోటు, వెలుతురు చాలక, ఒక పక్క కోసేసిన ఇంటిని కట్టించి అందులో కుటుంబం నిద్రపోతున్నట్టు, లేస్తున్నట్టు చిత్రీకరించాడు. అప్పటికి తుపాకులు వాడుతున్నవాళ్లతో ఈటెలతో వేటాడించాడు. అది గొప్ప సినిమా అని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఈరోజు న్యూస్ కథనంలో అలా చేస్తే అది అబద్ధం. అమెరికాలోని ప్రెస్ ఫొటోగ్రాఫర్ల సంఘం ఎన్‌పీపీఏ నియమావళి కూడా జరుగుతున్నదాన్ని కావాలని మార్చొద్దనే చెబుతుంది. నేను పెట్టుకున్న గీత ఇది: ఇంటర్వ్యూకి కుర్చీ కిటికీ దగ్గరికి జరపమంటాను, మైక్ పెడతాను, లైటు ఆన్ చేయమంటాను. చేసే పనిని, ఏడుపును, కలయికను మళ్లీ చేయమని అడగను. తప్పిపోతే తప్పిపోయినట్టే. ఒక దుఃఖం మీద స్లో మోషన్, పియానో సంగీతం పెట్టేముందు కూడా ఆలోచించండి. ఏం అనుకోవాలో చూసేవాళ్లకు మనమే చెప్పేస్తున్నాం కదా.

డిజిటల్ వైపు రెండు మాటలు. ఫోన్‌లో చూసేవాళ్లలో చాలామంది మొదట సౌండ్ ఆపే చూస్తారు, కాబట్టి సబ్‌టైటిల్స్ ఉండాల్సిందే. లోగో యానిమేషన్‌తో మొదలుపెట్టకండి, మీ దగ్గరున్న బలమైన చర్యతో మొదలుపెట్టండి. నిలువు వీడియో కావాలంటే ముందే 9:16 ఫ్రేమ్ అనుకుని తీయండి, అడ్డంగా తీసినదాన్ని కోస్తే భుజాలు, చేతులు తెగిపోతాయి. ప్రతి కథకూ వీడియో కావాలని కూడా లేదు. 2012లో న్యూయార్క్ టైమ్స్ కొండ మీద మంచు చరియలు విరిగిపడిన ప్రమాదం మీద చేసిన వెబ్ కథనం 'స్నో ఫాల్' చూడండి. తెరవగానే కొండ మీద మంచు గాలికి కొట్టుకుపోయే చిన్న వీడియో మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది, అంతే. మిగతా బరువంతా రాత మోస్తుంది, అవసరమైన చోట మ్యాప్, గ్రాఫిక్, చిన్న వీడియోలు వస్తాయి. 2013లో దానికి ఫీచర్ రచన విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది.

కెమెరా సంగతికి వస్తే, 2008లో వీడియో కూడా తీయగల స్టిల్ కెమెరా కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చినప్పుడు ఒంటరిగా తిరిగే జర్నలిస్టు చేతికి పెద్ద సెన్సర్, సినిమా లాంటి లుక్ అందాయి. అది నిజంగానే పెద్ద మార్పు. ఇప్పుడు ఏ మంచి ఫోన్‌తోనైనా మొదలుపెట్టవచ్చు. ఉన్న డబ్బులో ముందు మైక్, తర్వాత ట్రైపాడ్, ఆ తర్వాత ఏమైనా మిగిలితే లెన్స్.

ఆ గడియారాల పెద్దాయన దగ్గరికి కొన్ని నెలల తర్వాత అనుమతి అడిగి మళ్లీ వెళ్లాను. ఈసారి 25 ఫ్రేములు, కాలర్ మైక్, ఒక ట్రైపాడ్. మూడు గంటలు కూర్చున్నాను. గంట గడిచాక నేనున్న సంగతి ఆయన మర్చిపోయారు. మూడో గడియారం చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మైక్‌లో టిక్ టిక్ సన్నగా వినపడుతోంది, నా చెవికి ఏ లోపమూ తెలియలేదు. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి, "ఇంకా కుంటుతోంది" అని, అప్పుడే బిగించిన మూతను మళ్లీ తెరిచారు.